నలభై ఉత్తరాల దగ్గర ఆగిపోయిన నవల: 18వ శతాబ్దపు ఫ్రెంచివాళ్ల దగ్గర నేర్చుకోవలసింది

ప్రశ్న: "రెండేళ్లుగా ఉత్తరాల రూపంలో ఒక నవల రాస్తున్నాను. కాలం 1970 ప్రాంతం. పెళ్లయి భిలాయి వెళ్లిపోయిన అక్క, ఏలూరులో ఉండిపోయిన చెల్లెలు. అన్నీ వాళ్లిద్దరి ఉత్తరాలే. నలభై రాశాక బండి ఆగిపోయింది. చదివినవాళ్లు 'భాష బాగుంది గానీ ఇవి ఉత్తరాల్లా లేవు, ఇద్దరూ ఒకేలా మాట్లాడుతున్నారు, ఏమీ జరగడం లేదు' అంటున్నారు. ఈ ప్రక్రియలో 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయితలు పెద్ద పనే చేశారని విన్నాను. ఏ పుస్తకాలు, ఏ వరుసలో చదవాలి? చదివేటప్పుడు ఏం గమనించాలి? నాకు ఫ్రెంచి రాదు, ఇంగ్లీషులో చదువుకోగలను."
ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం:

మీవాళ్లు చెప్పిన మూడు మాటలూ మూడు లోపాలు కావు, ఒకటే. మీ నవలలో ఉత్తరం కథ చెప్పే గొంతుగా మాత్రమే ఉంది. అక్క ఒక సంగతి చెబుతుంది, చెల్లెలు ఇంకో సంగతి చెబుతుంది. ఉత్తరం అనే తొడుగు తీసేసి అదే విషయాన్ని మామూలు కథనంలో రాసినా పెద్ద తేడా రాదు. మీరు అడిగిన ఫ్రెంచి రచయితలకి మాత్రం ఉత్తరం కథలో జరిగే ఒక పని. ఎవరో ఎవరి దగ్గరో ఏదో రాబట్టాలని రాస్తారు. ఆ కాగితం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది. ఆలస్యమవుతుంది, చిరుగుతుంది, తిరిగొస్తుంది, చదవకూడనివాళ్ల కంట పడుతుంది. వాళ్ల నవలల్లో కథ నడిచేది ఆ ప్రయాణంలోనే. అందుకని చదివేటప్పుడు ఉత్తరంలో ఏం రాసి ఉందన్నది రెండో ప్రశ్నగా పెట్టుకోండి. ఈ కాగితానికి ఏం జరిగింది అన్నది మొదటి ప్రశ్న.

చరిత్ర వరుసలో చదవకండి. చాలామంది రూసో పేరు విని 'జూలీ' అనే ఆయన నవలతో మొదలుపెట్టి రెండో భాగంలో ఆగిపోతారు. మీరు ముందు 'పోర్చుగీసు ఉత్తరాలు' చదవండి, తర్వాత లాక్లో రాసిన 'డేంజరస్ లియేజన్స్', ఆ తర్వాత గ్రాఫిన్యీ, మాంటెస్క్యూ, చివర్న రూసో. ఈ వరుసలో పనితనం పైకి బాగా కనిపించే పుస్తకాలు ముందొస్తాయి.

'పోర్చుగీసు ఉత్తరాలు' ఒక సాయంత్రం పని. ఉన్నవి అయిదే ఉత్తరాలు. 1669లో పారిస్‌లో క్లోద్ బార్బేన్ అనే ప్రచురణకర్త వేశాడు. అంటే మీరడిగిన శతాబ్దం కంటే కాస్త ముందుది. కానీ తర్వాత వచ్చినవాళ్లంతా దీని నీడలోనే రాశారు. పోర్చుగల్‌లో ఒక కాన్వెంటు సన్యాసిని తనని వదిలి వెళ్లిపోయిన ఫ్రెంచి సైనికాధికారికి రాస్తుంది. అతని జవాబు ఒక్కటీ పుస్తకంలో ఉండదు. ఇవి నిజంగా ఒక సన్యాసిని రాసినవేనని రెండు శతాబ్దాలకు పైగా ఎంతోమంది నమ్మారు. 1926లో ఒక పరిశోధకుడు పాత ప్రచురణ అనుమతి పత్రంలో గియ్యరాగ్ అనే ఫ్రెంచి రచయిత పేరు చూపించాక, ఇది అతని కల్పనే అన్న అభిప్రాయం బలపడింది. మీరు నాలుగో ఉత్తరం చివర చూడండి. ఉత్తరం తీసుకెళ్లవలసిన అధికారి బయట ఎదురుచూస్తున్నాడు, బయల్దేరాలని నాలుగోసారి కబురు పంపాడు. అయినా ఆమె కలం ఆపలేకపోతోంది. ఆమె ఎంత ప్రేమిస్తోందో ఏ వర్ణనా చెప్పలేనంతగా ఆ నాలుగోసారి అన్న మాట చెబుతుంది. మీ నలభై ఉత్తరాల్లో ఏ ఒక్కదానికైనా బయట ఎవరైనా ఎదురుచూస్తున్నారా? పోస్టు డబ్బా తీసే వేళ దగ్గరపడుతోందా?

ఇక 'డేంజరస్ లియేజన్స్'. దీని మీద నెల రోజులు పెట్టండి. రాసింది షొదెర్లో ద లాక్లో, ఫిరంగిదళంలో అధికారి. 1782 వసంతంలో పారిస్‌లో వచ్చింది. మొదటి ముద్రణ 2000 ప్రతులు కొన్ని వారాల్లోనే అమ్ముడుపోయి వెంటనే మళ్లీ వేయవలసి వచ్చింది. నాలుగు భాగాలు, 175 ఉత్తరాలు. కథాకాలం ఆగస్టు 3 నుంచి జనవరి 14 దాకా, అయిదు నెలల పైచిలుకు. మార్కీజ్ ద మెర్తొయ్, వైకౌంట్ వాల్మోన్ అనే ఇద్దరు పాత ప్రేమికులు ఇతరుల జీవితాలతో ఆడుకుంటారు. అప్పుడే కాన్వెంటు చదువు ముగించుకుని ఇంటికొచ్చిన పదిహేనేళ్ల సెసిల్‌ని, ఆమెను ప్రేమించే దాంసెనీ అనే కుర్రవాణ్ణి, భక్తురాలిగా పేరున్న మదాం ద తూర్వెల్ అనే గృహిణిని. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. సంక్షిప్త ప్రతి కొనవద్దు. ఉత్తరాల సంఖ్యలు, తేదీలు, అడుగున 'సంపాదకుడి' గమనికలు ఉన్న ప్రతే కావాలి. అవి లేకపోతే నేర్చుకునేది సగం పోతుంది.

రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు ఒకటి తీసుకుని గళ్లు గీయండి. ఉత్తరం సంఖ్య, ఎవరు రాశారు, ఎవరికి, ఎక్కడి నుంచి ఏ తేదీన, ఎలా వెళ్లింది, రాసినవాళ్లకి కావలసిందేమిటి, దాచిందేమిటి, ఇంకెవరు చదివారు. చివరి గడి వెంటనే నిండదు. 'ఇంకెవరు చదివారు' అన్న సంగతి ఒక్కోసారి పది ఉత్తరాల తర్వాత తెలుస్తుంది, అప్పుడు వెనక్కి వచ్చి నింపాలి. మొత్తం 175కీ చేయనక్కర్లేదు. మొదటి భాగం 50 ఉత్తరాలకి చేస్తే చాలు, చెయ్యి తిరుగుతుంది. మిగతాది చదువుతూ ముఖ్యమైన చోట్లు రాసుకోండి.

ఇప్పుడు ఆ 50లో 34వ దాన్ని దగ్గరగా చూద్దాం. అప్పటికి వాల్మోన్, తూర్వెల్ ఇద్దరూ ఒకే ఇంట్లో, అతని పెద్దత్త కోటలో, అతిథులు. ఆమె అతనితో ఏకాంతంగా మాట్లాడదు, రాస్తే చదవకుండా తిరిగి ఇచ్చేస్తుంది. ఒకే కప్పు కింద ఉన్నవాళ్లు ఉత్తరాలెందుకు రాసుకుంటారన్న అనుమానానికి జవాబు అదే: మాట మూసుకుపోయిన చోటే ఉత్తరం పుడుతుంది. వాల్మోన్ ఏం చేస్తాడంటే, పైన చిరునామా మారు దస్తూరీతో రాసి, దిజోన్ ఊరి తపాలా ముద్రని తానే దింపుతాడు. ఆమె భర్త దిజోన్‌లో ఉన్నాడు. మిగతా ఉత్తరాలతో కలిసి అది అందరి ముందూ ఆమె చేతికొస్తుంది. భర్త ఉత్తరం అనుకుని విప్పుతుంది. అందరూ చూస్తుండగా దాచడానికి లేదు, తిరిగి ఇచ్చేయడానికీ లేదు. ఇక్కడ ఉత్తరం లోపలి మాటల కంటే పైనున్న ముద్రదే దెబ్బ. కథ అక్కడితో అయిపోదు. 44వ ఉత్తరంలో ఆమె దాచుకున్న కాగితాలు అతని చేతికి చిక్కుతాయి. వాటిలో ఆ దిజోన్ ఉత్తరం ముక్కలు కనిపిస్తాయి. చింపేసిందే, కానీ ముక్కలన్నీ జాగ్రత్తగా పోగుచేసి దాచింది. కాగితం మీద కన్నీటి మరకలూ ఉన్నాయి. ఆమె అతన్ని ప్రేమిస్తోందని ఆమె నోట ఒక్క మాట రాకుండానే అతనికీ మనకీ తెలిసిపోయింది.

48వ ఉత్తరం చదివేటప్పుడు 47 పక్కనే తెరిచి ఉంచండి. 48లో వాల్మోన్ తూర్వెల్‌కి తన వేదన చెప్పుకుంటాడు. నిద్ర లేని రాత్రి గడిచిందంటాడు, తాను రాస్తున్న బల్ల ప్రేమకి పవిత్రపీఠంగా మారిందంటాడు. విడిగా చదివితే విరహలేఖ. 47లో అతను మెర్తొయ్‌కి అసలు విషయం చెప్పేశాడు: ఆ ఉత్తరం రాసింది ఎమిలీ అనే వేశ్య పక్కమీద, ఆమెనే బల్లగా చేసుకుని. పైగా ఉత్తరం అంటించకుండా మెర్తొయ్‌కి పంపుతాడు, ఆమె చదివి ముద్రవేసి పారిస్ నుంచి పోస్టు చేయడానికి. ఒకే ఉత్తరం ముగ్గురు ఆడవాళ్లకి మూడు రకాలుగా అర్థమవుతుంది. మీ నోటుబుక్కులో 'ఇంకెవరు చదివారు' అన్న గడి ఎందుకు పెట్టమన్నానో ఈ జంట దగ్గర తెలుస్తుంది.

ఒకే సంఘటనని ఒకే మనిషి ఇద్దరికి రెండు రకాలుగా చెప్పడం నేర్చుకోవాలంటే 85, 87 పక్కపక్కన పెట్టుకోండి. ప్రెవాన్ అనేవాడు ఆడవాళ్లని చెరపడంలో పేరు మోసినవాడు. మెర్తొయ్ అతన్ని తానే పడకగదికి రప్పించుకుని, తన ముచ్చట తీరాక గంట మోగించి నౌకర్లని పిలిచి, బలవంతంగా చొరబడ్డాడని పట్టిస్తుంది. 85లో వాల్మోన్‌కి ఇదంతా సేనాపతి విజయం చెప్పుకున్నట్టు చెబుతుంది. 87లో సెసిల్ తల్లి మదాం ద వొలాంజ్‌కి అదే రాత్రి గురించి 'మంచం మీంచే రాస్తున్నాను' అని మొదలుపెడుతుంది, బెదిరిపోయిన ఇల్లాలిలా. రెంటిలో జరిగిన క్రియలు దాదాపు ఒకటే: గంట, కేకలు, నౌకర్లు, ప్రెవాన్ నిర్బంధం. మారింది ఎవరికి రాస్తోందన్నదే. మీ అక్క భిలాయిలో జరిగిన ఒక గొడవని చెల్లెలికి ఒకలా, అమ్మకి ఇంకోలా రాస్తే ఆ రెండు ఉత్తరాల మధ్య ఖాళీలో పాఠకుడు మూడో సంగతి కనిపెడతాడు. మీ నవలలో ఉత్తరాలు రాసేవాళ్లు ఇద్దరే కావడం వల్ల ఆ ఖాళీ పుట్టే వీలు లేకుండా పోయింది.

'ఇద్దరూ ఒకేలా మాట్లాడుతున్నారు' అన్నదానికి మందు మొదటి రెండు ఉత్తరాల్లోనే ఉంది. మొదటిది సెసిల్ తన కాన్వెంటు స్నేహితురాలు సోఫీకి రాసింది. రాస్తుండగా ఇంటి ముందు బండి ఆగుతుంది, అమ్మ పిలుస్తుంది, గుండె దడ. వెళ్లొచ్చి మళ్లీ రాస్తుంది: నల్లబట్టల పెద్దమనిషి ఒకడు తన కాళ్ల దగ్గర మోకరిల్లాడని, పెళ్లికొడుకనుకుని కెవ్వుమందని, తీరా చూస్తే చెప్పుల కొలత తీసుకోవడానికి వచ్చినవాడని. వాక్యాలు పరుగు, తడబాటు, మధ్యలో ఆగిపోవడం. రెండోది మెర్తొయ్‌ది: తిరిగి రండి, వెంటనే రండి, మీకో పని ఉంది. అంతా ఆజ్ఞలే. సెసిల్‌కి పదజాలం తక్కువ, మెర్తొయ్‌కి సందేహం తక్కువ. మాండలికం మార్చడం ఒక్కటే గొంతు మార్చడం కాదు. ఎవరు ప్రశ్నలు వేస్తారు, ఎవరు ఆజ్ఞాపిస్తారు, ఎవరు వాక్యం మధ్యలో ఆగుతారు, ఎవరు ముగింపు ముందే అనుకుని రాస్తారు అన్నది మారాలి. సెసిల్ ఉత్తరాల్లో వాల్మోన్ చెప్పగా రాసింది ఒకటి ఉంది, 117వది. పైన ఆమె పేరే ఉన్నా వాక్యం నడక మారిపోతుంది. దాన్ని ఆమె మొదటి ఉత్తరాలతో పోల్చి చూడండి.

ఇక్కడ ఆనాటి తపాలా గురించి కొంచెం తెలిసి ఉండాలి. అప్పట్లో విడిగా కవరు వాడకం తక్కువ. రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో ముద్రవేసి, మడత మీద చిరునామా రాసేవారు. ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్లు కట్టేవారు, దూరాన్ని బట్టి, కాగితాలను బట్టి. కాబట్టి ఉత్తరం పుచ్చుకోవడమే ఒక ఒప్పుకోలు. తూర్వెల్ తిరిగి ఇచ్చేయడంలో అంత బరువు ఉండటానికి అదొక కారణం. పారిస్ లోపల 1760 నుంచి రెండు సూలు (ఆనాటి చిల్లర నాణేలు) తీసుకునే చిన్న తపాలా నడిచింది, రోజుకి చాలాసార్లు బట్వాడాతో. పల్లెల్లో కోటలకి మనిషి చేత పంపాలి, లేదా తపాలా రోజు కోసం కాచుకోవాలి. దాంసెనీ, సెసిల్‌కి ఇవేవీ అందుబాటులో లేవు. సంగీతం నేర్పడానికొచ్చే అతను ఉత్తరాన్ని ఆమె హార్ప్ తీగల మధ్య పెడతాడు, ముద్ర లేకుండా ఊరికే మడిచి. ఇలాంటి వివరాలు అలంకారం కోసం పెట్టినవి కావు. ప్రతిచోటా, ఈ కాగితం ఎవరి కంట పడగలదన్నది అక్కడే తేలిపోతుంది.

ఇంగ్లీషులో చదివితే పోయేది ఒకటుంది, తెలుగువాళ్లుగా మీరు దాన్ని అందరికంటే సులువుగా తిరిగి పట్టుకోగలరు. ఫ్రెంచిలో 'తు' అంటే మన నువ్వు, 'వు' అంటే మన మీరు. ఇంగ్లీషులో రెండూ ఒకే మాట అయిపోతాయి. మూలం కాపీరైటు ఎప్పుడో తీరినది, అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. ఫ్రెంచి రాకపోయినా ఫరవాలేదు. ముఖ్యమైన ఉత్తరాల దగ్గర మూలం తెరిచి టి-యు, వి-ఓ-యు-ఎస్ అన్న రెండు మాటల కోసం మాత్రం వెతకండి. మెర్తొయ్, వాల్మోన్ ఒకప్పుడు ప్రేమికులైనా చివరిదాకా 'మీరు' అనే అనుకుంటారు, కత్తులు దూసినప్పుడు కూడా. 148వ ఉత్తరంలో దాంసెనీ మెర్తొయ్ వలలో పడ్డ మర్నాడు రాసే మొదటి వాక్యం చూడండి: నేను ప్రేమించే మీరు, నేను ఆరాధించే నువ్వు, నా సుఖాన్ని మొదలుపెట్టిన మీరు, దాన్ని నింపిన నువ్వు. నిన్నటి మర్యాద, రాత్రి దగ్గరితనం ఒకే వాక్యంలో తోసుకుంటున్నాయి. ఇంగ్లీషు అనువాదకుడు దీనికి ఏం చేయగలడు? తెలుగులో చేతికి అందివస్తుంది. 161లో తూర్వెల్ జ్వరంలో, మతి చెదిరి, దాసీ చేత రాయించే ఉత్తరానికి గ్రహీత పేరే ఉండదు. వాల్మోన్‌నీ భర్తనీ కలిపేసి 'నువ్వు నువ్వు' అంటూ పోయి, చివరికి 'మీరు' లోకి వచ్చి, వీడ్కోలు అయ్యా అని ముగిస్తుంది. పుస్తకం మొత్తంలో అంతకంటే బాధపెట్టే చోటు లేదనే చెబుతాను.

గ్రాఫిన్యీ, మాంటెస్క్యూల దగ్గర ఒక్కో విషయం నేర్చుకుంటే చాలు, కానీ రెండూ మీకు నేరుగా అక్కరకొచ్చేవి.

ఫ్రాంస్వాజ్ ద గ్రాఫిన్యీ 'పెరూ యువతి ఉత్తరాలు' 1747లో వచ్చింది, 1752లో పెంచిన ప్రతి వేసింది. అందులో 41 ఉత్తరాలు. పెరూ రాకుమారి జీలియాని స్పెయిన్ సైనికులు ఎత్తుకుపోతారు, దారిలో ఓడ ఫ్రెంచివాళ్ల చేతికి పోతుంది. తన ప్రియుడు అజాకి ఆమె మొదటి పదిహేడు ఉత్తరాలూ కాగితం మీద రాయదు, కిపూ అనే రంగుదారాల ముడులతో అల్లుతుంది. దారాలు తరిగిపోతూ ఉంటాయి, ఆమెకది తెలుస్తూ ఉంటుంది. అవి అయిపోయాక ఫ్రెంచి రాయడం నేర్చుకునేదాకా కొన్ని నెలల మౌనం. పద్దెనిమిదో ఉత్తరం నుంచి కొత్త భాషలో మొదలవుతుంది. రాసే సామగ్రి తరిగిపోవడం కథలో ఉత్కంఠ అయింది చూశారా. ఓడ, అద్దం లాంటి వాటికి మొదట్లో ఆమె దగ్గర మాటలే లేవు. తేలే ఇల్లని, లోపల ఇంకో మనిషి ఉందని రాస్తుంది. భిలాయిలో దిగిన మీ అక్కకి మొదటి ఆరు నెలల్లో ఏయే వస్తువులకి పేరు తెలియదో ఒక జాబితా వేసుకోండి.

మాంటెస్క్యూ 'పర్షియన్ ఉత్తరాలు' 1721లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. రచయిత పేరు లేదు, ప్రచురణ స్థలంగా కొలోన్ నగరమని బొంకారు. మొదట 150 ఉత్తరాలు, ఆయన పోయాక 1758లో వచ్చిన ప్రతిలో 161. ఇక్కడిచ్చే సంఖ్యలు 161 ఉన్న ప్రతివి. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి పారిస్ వచ్చిన ఉజ్బెక్ ఫ్రాన్స్ రాజకీయాల గురించి స్వేచ్ఛాజీవిలా రాస్తాడు, తన అంతఃపురానికి మాత్రం నియంతలా ఆజ్ఞలు పంపుతాడు. మీకు కావలసింది ఆఖరి పదిహేను. ఉత్తరం ఆ దూరం దాటడానికి నెలలు పడుతుంది. అక్కడ అంతఃపురం అదుపు తప్పుతోందని పెద్ద నపుంసకుడు రాస్తాడు. నీకు సర్వాధికారం ఇస్తున్నానని ఉజ్బెక్ 148లో జవాబు పంపుతాడు. అది చేరేసరికి ఆ నపుంసకుడు చనిపోయాడు. అతని చోట ఉన్న ముసలి నర్సిత్ 149లో వినయంగా తెలియజేస్తాడు: తమ ఉత్తరం వచ్చింది, పైన చనిపోయినవాడి పేరుంది కనుక విప్పలేదు, గౌరవంగా చుట్టి పెట్టెలో దాచాను, తమ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నాను. సామ్రాజ్యాన్ని శాసించాలనుకున్న ఆజ్ఞ పెట్టెలో పడుకుని ఉంది. ఇంకో చిత్రం: పారిస్ నుంచి ఉజ్బెక్ రాసిన 146వ ఉత్తరం తేదీ 1720 రంజాన్ నెల. ఆ వెంటనే వచ్చే 147 తేదీ 1717. అంతఃపురం పతనమంతా చివర్న ఒకే దెబ్బగా తగలాలని మాంటెస్క్యూ మూడేళ్ల ఉత్తరాల్ని కాలక్రమం నుంచి తీసి ఒకచోట పెట్టాడు. తేదీలు చూడకుండా చదివితే ఈ పని కనపడదు. ఉజ్బెక్ భార్య రొక్సాన్ విషం తాగి రాసే ఉత్తరంతో, కలం చేతిలోంచి జారిపోతుండగా, పుస్తకం ఆగుతుంది. ఉజ్బెక్ జవాబు లేదు.

రూసో 'జూలీ' 1761లో వచ్చింది. 1800 లోపు కనీసం డెబ్బై ముద్రణలు పొందిన పుస్తకం. జెనీవా సరస్సు ఒడ్డున కలవారి ఇంటి అమ్మాయి జూలీ, ఆమెకి చదువు చెప్పే సాన్ ప్రో ప్రేమించుకుంటారు. పెళ్లి వేరొకరితో అవుతుంది. ఆరు భాగాలు, 163 ఉత్తరాలు. భాగాల వారీగా లెక్క చూస్తే దాని నడక తెలుస్తుంది: 65, 28, 26, 17, 14, 13. మొదట్లో చిన్న చిన్న ఉత్తరాలు గబగబా, వయసు పెరిగేకొద్దీ తక్కువ, పొడుగు. మొదటి భాగం పూర్తిగా చదవండి. అందులో 54వ ఉత్తరం సాన్ ప్రో జూలీ గదిలో దాక్కుని ఆమె కోసం ఎదురుచూస్తూ రాస్తాడు. కాగితం, సిరా దొరకడమే అదృష్టమంటాడు. వెల్లువలా వచ్చేదాన్ని రాసి కాస్త తగ్గించుకుంటున్నాడు. ఆ క్షణంలో ఉత్తరం ఎవరికోసం కాదు, అతను నిలబడటానికి. రెండో భాగంలో పారిస్ నాగరికత మీది పొడుగు ఉత్తరాలు పైపైన చూసినా నష్టం లేదు. మూడో భాగంలో 18వ ఉత్తరం, నాలుగో భాగంలో 17వది వదలొద్దు. ఆరో భాగంలో జూలీ మరణాన్ని ఆమె భర్త వోల్మార్ 11వ ఉత్తరంలో వివరిస్తాడు. ఆమె చివరి ఉత్తరం, ఆమె పోయాక, 12వదిగా దానితో జతగా వస్తుంది. చనిపోయినవాళ్ల గురించి ఎవరు రాయాలి, చనిపోయినవాళ్ల ఉత్తరం ఎప్పుడు విప్పాలి అన్న చిక్కుకి ఇంతకంటే మంచి పరిష్కారం దొరకదు. దీన్ని చదివి నిజంగా జూలీ ఉందా అని రూసోకి రాసిన పాఠకులు ఎందరో.

ఇప్పుడు మీ రాతప్రతి. కొత్తగా ఒక్క ఉత్తరమూ రాయకండి. ఉన్న నలభైకి ఆ గళ్ల పట్టిక వేయండి. 'కావలసిందేమిటి' గడి ఖాళీగా ఉన్న ఉత్తరాలన్నీ పక్కన పెట్టండి. నలభైలో సగం పోయినా దిగులుపడొద్దు, వాటిలో విషయం మిగతా ఉత్తరాల్లో ఒక్కో వాక్యంగా ఇమిడిపోతుంది. 'నీకు తెలుసు కదా' అని మొదలయ్యే ప్రతి వాక్యం కొట్టేయండి. తెలిసినదాన్ని మళ్లీ చెప్పేది చెల్లెలికి కాదు, పాఠకుడికి. ఉత్తరం వ్యాసమైపోయేది అక్కడే. ఆ విషయం తప్పదనుకుంటే, అది తెలియని మనిషిని ఒకరిని తెచ్చి వాళ్లకి రాయించండి. లాక్లో సెసిల్‌కి సోఫీని అందుకే ఇచ్చాడు. పని తీరాక, ఇలాంటి రోజువారీ ఉత్తరాలు చాలా తీసేశామని ఏడో ఉత్తరం అడుగున ఒక గమనిక పెట్టి పక్కకు తప్పించాడు.

ఉత్తరాలు రాసేవాళ్ల సంఖ్య రెండు నుంచి నాలుగు లేదా అయిదుకి పెంచండి. అంతకు మించితే మొదటి నవలకి బరువవుతుంది. అమ్మకి చదువు రాకపోతే ఏలూరు ఉత్తరాలు చెల్లెలు చదివి వినిపించాలి. అంటే అక్క అమ్మకి రాసే ప్రతి ఉత్తరమూ నిజానికి చెల్లెలి మీదుగా పోతుంది, ఆమె ఏ వాక్యం మింగేస్తుందో ఆమె ఇష్టం. భిలాయిలో అత్తగారు ఉత్తరం విప్పే మనిషైతే అక్క మామూలు ఉత్తరంలో ఒకటి, పక్కింటి చిరునామాకి ఇంకొకటి రాస్తుంది. కార్డు ముక్క ఎవరైనా చదవొచ్చు. ఇన్‌లాండు లెటరుకి చోటు పరిమితి ఉంది, చివరి మడతలో అక్షరాలు చిన్నవవుతాయి, అసలు మాట అక్కడే ఇరుకుతుంది. ఇవన్నీ మీ కాలంలో, మీ ఊళ్లో ఉన్నవే. ఫ్రాన్స్ నుంచి లక్క ముద్రలు తేనక్కర్లేదు.

మన ఉత్తరాల పలకరింపులు కూడా దాచుకోదగ్గ పనిముట్లు. 'చిరంజీవి చెల్లికి అక్క ఆశీర్వదించి వ్రాయునది', 'ఉభయకుశలోపరి' లాంటివి మొదటి పది ఉత్తరాల్లో మార్చకుండా ఉంచండి. పాఠకుడికి అవి అలవాటు కావాలి. తర్వాత ఒక ఉత్తరంలో 'ఉభయకుశలోపరి' లేకుండా నేరుగా విషయం మొదలైతే ఏదో జరిగిందని వేరే చెప్పక్కర్లేదు. బావగారికి చెల్లెలు రాసే 'మీరు' ఎక్కడైనా తడబడితే దాని బరువు దానికుంటుంది. దాంసెనీ వాక్యం గుర్తుపెట్టుకోండి.

తేదీల పట్టిక వేరే కాగితం మీద వేయండి. భిలాయి నుంచి ఏలూరుకి మామూలు ఉత్తరానికి నాలుగైదు రోజులని అనుకుని, రాసిన రోజు, చేరిన రోజు రెండూ రాసుకోండి. రెండు ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకునే చోటు కనీసం ఒకటి ఉండేలా చూడండి. ఒకరు క్షమించమని అడిగిన ఉత్తరం, ఇంకొకరు ఇక రాయనని తెగేసి చెప్పిన ఉత్తరం ఒకే రోజు బయల్దేరితే, తర్వాతి పది ఉత్తరాలకి దారి అదే చూపిస్తుంది. మీ నలభయ్యో ఉత్తరం తీసి చూడండి: అది ఏ రోజు చేరుతుంది, తలుపు దగ్గర అందుకునేది ఎవరు? ఆ జవాబు చెల్లెలు కాకుండా ఇంకెవరైనా అయితే నలభై ఒకటో ఉత్తరం రాయవలసింది ఆ మనిషే.